తిరగేసిన జెండా

మా ఊరి కోట జెండాను తెల్లదొరలు ఎత్తుకుపోయారని చిన్నప్పటి నుంచి వింటున్నాను. దాన్ని నేసింది మా ఇంటి పెద్దలేనని నాయన అనేవాడు. ఊరు నవ్వేది. పట్టుచీరలు నేసే ప్రతి ఇంట్లోనూ ఇలాంటి గొప్ప ఒకటి ఉంటుంది కాబట్టి నేనూ పట్టించుకోలేదు.

మూడేళ్ల కిందట ఆ జెండా దొరల దేశంలో ఒక మ్యూజియంలో ఉందని ఫోన్లలో ఫోటో తిరిగింది. ఎర్ర పట్టు మీద జరీ వరాహం. కోటగోడ చాటుకు చెంబుతో పోవడం తప్ప ఆ వైపు తలెత్తి చూడని మహానుభావులంతా రాత్రికి రాత్రి చరిత్ర ప్రేమికులైపోయారు. కమిటీ వేసుకున్నారు. ఫ్లెక్సీలో అధ్యక్షుడి మొహం గుమ్మడికాయంత, జెండా రూపాయి బిళ్లంత. అసలుది ఎలాగూ రాదు, అలాంటిదే నేయించి మున్సిపల్ హాల్లో పెడదామని నాయన దగ్గరికి వచ్చారు.

నాయన ఫోన్ కళ్లకు ఆనించుకుని ఫోటోలో జెండా అంచు వెంట వేలు జరుపుతూ చూశాడు.

"ఇది మన ఇంటి పనే పాపా. అంచు చూడు, ఇట్ల జోడుపోగు మనోళ్లే వేస్తారు. అయితే తిరగేసి తగిలించినారు. పోగులు వేలాడతాండేది కనపడ్లా?"

నిజమే. జరీ చీర మడత పెట్టిన ఏ ఆడదైనా అది వెనకవైపని చెప్పగలదు.

రెండు నెలలు నేశాడు. నేను పట్టుదారం కండెలకు చుట్టిచ్చాను. చూపు ఆనకపోయినా మగ్గం మీద ఆయన అంత సంతోషంగా ఉండగా నేనెప్పుడూ చూడలేదు. తన మాట నిజమని ఊరి ముందు నిలబడాలి, అంతకుమించి ఆయనకేమీ అక్కర్లేదు.

అధ్యక్షుడు వచ్చి జెండా పక్కన ఫోన్ పెట్టి చూశాడు.

"ఏమప్పా, పంది ఈ పక్కకు చూస్తాండాదే? ఫోటోలో ఆ పక్కకు కదా?"

"వాళ్లు తిరగేసినారన్నా. జెండా ముఖం ఇదే."

"అంత పెద్ద మ్యూజియమోళ్లకు తెలీదు, నీకు తెలుసునా?"

దొరలు పోయి ఇన్నేళ్లయినా ఈ మనిషి నడుం ఇంకా లేవలేదు. ఎత్తుకుపోయినవాడి మాట వేదం, నేసినవాడి మాట వాగుడు. అచ్చం ఫోటోలాగే ఉండాలని, జెండా ముఖాన్ని ప్లైవుడ్ పలకకు బంకతో అంటించి, వెనకవైపు పైకి పెట్టి అద్దం బిగించారు. ఆ సంగతి తెలిసి నాయన రెండు రోజులు అన్నం ముట్టలేదు. నాకు ఏడుపు రాలేదు. అసహ్యం వేసింది.

ఆవిష్కరణకు నేను వద్దన్నా వెళ్లాడు. నేనూ వెంట వెళ్లాను. ఊరి పరువు, ఆత్మగౌరవం అంటూ అధ్యక్షుడు మైకు ముందు ఊగిపోయాడు. చివర్లో నాయనను వేదిక మీదికి పిలిచి శాలువా కప్పాడు. పట్టు నేసే మనిషికి మిల్లు శాలువా!

నాయన దాన్ని భుజాల మీంచి తీశాడు. నిదానంగా విప్పి, తిరగేసి, దారాలు తేలిన వైపు జనానికి కనపడేలా మళ్లీ కప్పుకున్నాడు. చేతులు జోడించి నిలబడ్డాడు.

అందరూ చప్పట్లు కొట్టారు. ఫోటోలు తీసుకున్నారు. ఒక్కడికీ తేడా తెలియలేదు.