దవాఖానకు మూడు వందల పన్నెండు అభ్యంతరాలు

తారాబాయికి ఎవరి మీదా పెద్దగా గౌరవం లేదు. శంషాబాద్ శివారులోని సర్కారు దవాఖానలో ఇరవై రెండేళ్లుగా ఆయాగా చేస్తోంది. ఈ ఇరవై రెండేళ్లలో పదకొండు మంది డాక్టర్లు వచ్చారు, పోయారు. ఒకాయనకు నెత్తురు చూస్తేనే చెమటలు పట్టేవి. ఇంకొకావిడ రోగిని ముట్టుకోకుండా బల్ల అవతలినుంచే జ్వరం ఎంతుందో చెప్పేది. అందరి బల్లలూ తుడిచింది, అందరికీ మంచినీళ్లు అందించింది, అందరినీ మనసులో ఒక మాట అనుకుంది. ఆమె మనసులో అనుకున్నది మొహం మీద తెలిసిపోతుందని మొగుడు కుర్మయ్యకు ఎప్పుడూ భయమే.

కుర్మయ్య నోట్లో నాలుక లేని మనిషి. విమానాశ్రయానికి పొలాలు పోయినప్పుడు ఊరు ఊరంతా ధర్నాకు కూర్చుంటే, ఈయన వాళ్లకు కుండలో నీళ్లు మోసి ఇంటికొచ్చేశాడు. ఆ తర్వాత విమానాలు దిగినవాళ్లు బస చేసే హోటల్లోనే మాలీగా కుదిరాడు. పశువు తినని గడ్డికి రోజుకు మూడుసార్లు నీళ్లేందని తారాబాయి అడిగితే, "ఆళ్ల గడ్డి ఆళ్ల ఇష్టమే" అనేవాడు. ఇట్లాంటి మనిషితో ముప్పై ఏళ్లు కాపురం చేసి ఒక్కసారి కూడా పోట్లాట పెట్టుకోలేకపోయానని ఆమెకు కొంచెం వెలితి కూడా ఉండేది.

పాత దవాఖాన బస్సు రోడ్డు మీద ఉండేది. విమానం ఎక్కేవాళ్లు పది నిమిషాలు ముందే చేరాలని రోడ్డు వెడల్పు చేశారు, దవాఖాన కూలిపోయింది. సరే, ఊరి వెనక సర్కారు జాగాలో కొత్త బిల్డింగు కట్టారు. నున్నటి గచ్చు, నాలుగు గదులు, మందులకు ఇనుప అలమారా. పన్నెండోదిగా వచ్చిన డాక్టర్ పూర్ణిమ వెంటపడి గుండె పరీక్ష చేసే మిషన్ కూడా తెప్పించింది. పన్నెండు మందిలో తారాబాయి మనసులో ఏ మాటా అనుకోనిది ఆ పిల్లనొక్కదాన్నే. కొత్త దవాఖాన మూడు వారాలు నడిచిందో లేదో, ఒకనాడు ప్లానింగ్ ఆఫీసు మనుషులొచ్చి అందరినీ బయటికి పంపి, తలుపుకు తాళం వేసి దాని మీద లక్క సీలు కొట్టి పోయారు.

ఏమిటయ్యా నేరం అంటే, ఆ జాగా మ్యాపులో ఆకుపచ్చ రంగులో ఉందట. ఆకుపచ్చలో ఏవేవి కట్టుకోవచ్చో నిబంధనల్లో ఒక జాబితా ఉంది. కోళ్ల ఫారం కట్టుకోవచ్చు. ఇటుక బట్టీ పెట్టుకోవచ్చు. శ్మశానం పెట్టుకోవచ్చు. దవాఖాన మాత్రం ఆ జాబితాలో లేదు. రాసిన మహానుభావుడికి మనిషి రోగంతో పనిలేకుండా నేరుగా శ్మశానానికే పోతాడని ఎవరు చెప్పారో మరి!

పక్కనే వీరేందర్ ఫంక్షన్ హాలు ఉంది. అదీ ఆకుపచ్చే. దానికి సీలు లేదు. కాగితాల్లో దాని పేరు రైతు విశ్రాంతి గది. ఎనిమిది వందల మంది రైతులు పట్టుబట్టలు కట్టుకొచ్చి, బ్యాండు మేళంతో ఒకేసారి విశ్రాంతి తీసుకునే గది. దవాఖానకొచ్చే ఆటోలు తన పెళ్లివారి కార్లకు అడ్డమవుతున్నాయని వీరేందర్ నలుగురి ముందే అన్నాడు. ఆ తర్వాత వారానికే ఎవరో ఫిర్యాదు చేశారు. ఎవరో!

డాక్టర్ పూర్ణిమ కాళ్లరిగేలా తిరిగింది. చివరికి ఆఫీసువాళ్లు దయతలచి, నిబంధన సవరించి జాబితాలో ఆరోగ్య కేంద్రాన్ని కూడా చేరుస్తామన్నారు. దానికి ముందు పదిహేను రోజులు ప్రజల మాట వినాలి. ఉగాదిలోపు సవరణ కాకపోతే ఈ దవాఖానను ఎత్తేసి కాటేదాన్ దిక్కు ఉన్న ఇంకో దవాఖానలో కలిపేస్తారు. ఎల్లమ్మ గుడి దాకా కూడా నడవలేని ముసలివాళ్లు రెండు బస్సులు మారి కాటేదాన్ పోయి బీపీ చూపించుకోవాలన్నమాట.

ప్రజల మాట వినాలి అనగానే తారాబాయి కొంగు బిగించింది. సర్కారుకు సంతకాలు ఎన్ని ఎక్కువుంటే అంత బలమని ఊళ్లో ఎవరినడిగినా చెబుతారు. ఆఫీసుకు పోయి ఫారాల కట్ట తెచ్చుకుంది. ఫారం పైన 'అభ్యంతరము / సూచన' అని అచ్చు వేసి ఉంది, దాని కింద చీమ తలకాయంత అక్షరాల్లో, వర్తించనిది కొట్టివేయవలెను అని ఉంది. తారాబాయి ఏడో తరగతి చదివింది, అదీ చదివింది. చదివే, ఇంటింటికీ తిరిగి గట్టిగా చెప్పింది. "ఏమన్న రాయుండ్రి గని కాగితం మీద కొట్టివేతలు ఉండొద్దు."

ఎందుకంటే ఈ ఊరివాళ్లకు సర్కారు నేర్పిన చదువు అదొక్కటే. పింఛను ఫారం మీద వయసు కొట్టి రాసిందని యాదయ్య తల్లికి రెండేళ్లు పింఛను ఆపారు. రేషన్ కార్డులో ఒక అక్షరం కొట్టేసినందుకు బుచ్చయ్య కుటుంబం ఏడు నెలలు బియ్యం కొనుక్కు తిన్నది. కొట్టివేత ఉన్న కాగితం చెల్లదు అన్నది వాళ్లకు రక్తంలో ఇంకిపోయింది. అందుకే మూడు వందల పన్నెండు మంది, మాకు దవాఖాన కావాలె అని ముత్యాల్లాంటి అక్షరాలతో రాయించి, పైన ఏదీ కొట్టకుండా, కింద సంతకాలూ వేలిముద్రలూ పెట్టారు. అందరికన్నా ముందు పెట్టింది కుర్మయ్య. "నా సంతకానికి ఏం బలముంటదే" అంటూనే, నాలుక బయటపెట్టి మరీ నిదానంగా రాశాడు.

దసరా ముందు కమిటీ కూర్చుంది. ఫైలు చూసే జగన్మోహనరావు కోస్తా నుంచి వచ్చి స్థిరపడ్డ ఉద్యోగి. మర్యాద తెలిసినవాడు, ఎవరినైనా కూర్చోబెట్టే మాట్లాడతాడు. తారాబాయిని కూడా కూర్చోబెట్టాడు.

"మీ దవాఖాన అంశం వాయిదా పడిందమ్మా. చాలా ఎక్కువ అభ్యంతరాలు వచ్చాయి."

"ఎవలు పెట్టిన్రు సారూ?"

"మీ ఊరివాళ్లేనమ్మా. మూడు వందల పన్నెండు."

పైన ఏదీ కొట్టివేయకపోతే మొదట ఉన్నదాని కిందే లెక్క కడతారట, నిబంధన అట్లా ఉందట. "లోపల ఏం రాసిన్రో సదివిన్రా?" అని తారాబాయి అడిగింది. లోపలిది చదవడం వేరే సెక్షన్ పని అని ఆయన ఓపిగ్గా చెప్పాడు. అదే సమావేశంలో రెండో అంశం వీరేందర్‌ది. రైతు విశ్రాంతి గదిని ఫంక్షన్ హాలుగా గుర్తించాలని. దానికి ఒక్క అభ్యంతరం కూడా రాలేదు, పాసైపోయింది. ప్రజల మాట వినడానికి ఆఫీసు ఇచ్చిన నోటీసులోనే కింద ఆ ముక్క కూడా ఉందని ఊళ్లో ఎవడూ చూడలేదు. తాను కూడా చూడలేదు. తారాబాయికి ఆనాడు మొదటిసారి తన మీద కూడా గౌరవం పోయింది.

పెట్టిన అభ్యంతరాన్ని వెనక్కి తీసుకోవాలంటే పెట్టినవాళ్లే ఆధార్ కార్డుతో స్వయంగా రావాలి. ఇగ మొదలుపెట్టింది. వారానికి ఇరవై మంది, ముప్పై మంది. కూలి పోగొట్టుకుని వచ్చినవాళ్లను ఆఫీసు వరండాలో వరసగా నిలబెట్టేది. దవాఖాన కావాలి అని రాసిన మనుషులు, దవాఖాన వద్దన్నందుకు చింతిస్తున్నామని రాసి సంతకాలు పెట్టారు. ఇంత తెలివిగల రాజ్యం భూమ్మీద ఇంకెక్కడైనా ఉందేమో, విమానాల్లో తిరిగేవాళ్లు చెప్పాలి.

ఆ మధ్యలోనే, కార్తీకమాసంలో ఒక మంగళవారం పొద్దున పదకొండు గంటలకు, కుర్మయ్య ఇంటి గడప మీద కూర్చుని ఎడమ చెయ్యి పట్టుకున్నాడు. ఒళ్లంతా చెమట. సీలు పడ్డాక డాక్టర్ పూర్ణిమ అంగన్‌వాడీ గదిలో కూర్చునేది సోమవారం, గురువారం మాత్రమే. తారాబాయికి అదేమిటో తెలుసు. ఇరవై రెండేళ్లలో వందసార్లు చూసింది. ఏ గోలీలు ఇస్తారో తెలుసు, అలమారాలో ఎన్నో అరలో ఏ డబ్బాలో ఉన్నాయో తెలుసు. అవి ఇచ్చి, అంబులెన్స్ ఎక్కించి పంపితే ఎంతమంది నడుచుకుంటూ వెనక్కొచ్చారో కూడా తెలుసు. అలమారా సీలు వెనక ఉంది. రాయి తీసుకుని లేచింది.

"సర్కారు సీలు పలగ్గొట్టకే. కేసయితది" అన్నాడు కుర్మయ్య.

ఆమె ఆగింది. ముప్పై ఏళ్లలో మొగుడి మాట విన్నది ఆ ఒక్కసారి. అంబులెన్స్ వచ్చేదాకా ఆగలేక ఆటోలో వేసుకుని పట్నం దారి పట్టింది. రోడ్డెక్కాక, ఎవరో పెద్దమనిషి విమానం దిగాడని పోలీసులు బండ్లన్నీ ఆపేశారు. వెడల్పు చేసిన రోడ్డు ఖాళీగా, నున్నగా మెరుస్తూ ఉంది. పెద్దమనిషి కార్లు పోయేసరికి కుర్మయ్య కూడా పోయాడు. ఆయన్ను ఊరి వెనక ఆకుపచ్చలోనే పెట్టారు. దానికి ఎవరి పర్మిషనూ అక్కర్లేకపోయింది.

ఆ మాట ఎందుకు విన్నానా అని తారాబాయి రోజూ ఏడ్చింది. ఏడుస్తూనే పదకొండో రోజు దాటగానే మళ్లీ మనుషులను వెంటేసుకుని ఆఫీసు వరండా ఎక్కింది. కాటేదాన్ అన్న మాట వింటే చాలు ఆమెకు ఆ ఆటో గుర్తుకొచ్చేది. వేరే ఏ ఆడదీ అట్లా రోడ్డు మీద కూర్చోకూడదనుకుంది.

ఉగాది కమిటీ రేపనగా జగన్మోహనరావు రిజిస్టరు మూసి, మళ్లీ తెరిచాడు.

"మూడు వందల పదకొండు అయ్యాయమ్మా. కుర్మయ్య గారిదొకటి మిగిలింది. ఆయన్ని ఈ సాయంత్రంలోగా పంపించండి."

"ఆయన సచ్చిపోయిండు సారూ."

ఆయన కళ్లద్దాలు తీశాడు. "అయ్యో, నాకు తెలియదమ్మా." రిజిస్టరులో ఆ పేరు మీద వేలు పెట్టి, "కానీ అభ్యంతరం మాత్రం రికార్డులో ఉండిపోయింది కదా" అన్నాడు.

"బతికినన్నాళ్లు దేనికీ అడ్డం చెప్పలేదు సారూ ఆయన. పొలం గుంజుకుంటెనే చెప్పలే. ఇగ సచ్చినంక చెప్తడా?"

ఆయన కళ్లద్దాలు మళ్లీ పెట్టుకున్నాడు. భార్య వెనక్కి తీసుకోవచ్చని, మరణ ధ్రువపత్రం చాలని చెప్పి, తానే ఫారం తీసి నింపడం మొదలుపెట్టాడు. చెడ్డవాడు కాదు. చెడ్డవాడైతే తారాబాయికి ఎంతో సుఖంగా ఉండేది.

"ఉపసంహరణకు కారణం అని ఉందమ్మా. ఏం రాయమంటారు?"

"దవాఖానకు సీలేసిన్రు. మందు దొరకక సచ్చిపోయిండు. గదే రాయుండ్రి."

ఆయన కలం కింద పెట్టాడు. చుట్టూ చూసి గొంతు తగ్గించాడు. "అలా రాస్తే పైవాళ్లు ఊరుకోరమ్మా. సీలు వేసింది మా ఆఫీసే కదా. విచారణ అంటారు, ఫైలు లీగల్ సెక్షన్‌కి వెళ్లిపోతుంది. ఆరు నెలలో, ఏడాదో. కమిటీ చూస్తే రేపే."

"మరేం రాస్తరు?"

"వ్యక్తిగత కారణాల వల్ల అని రాస్తే ఎవరూ ఏమీ అడగరు."

తారాబాయి నోటికి ఇరవై రెండేళ్లుగా మనసులో అనుకున్న మాటలన్నీ ఒక్కసారే వచ్చాయి. డాక్టర్లను అన్నవి, వీరేందర్‌ను అన్నవి, పెద్దమనిషి కార్లను అన్నవి. వరండాలో గోడకానుకుని, ఆయాసంతో రొప్పుతూ, యాదయ్య తల్లి తన కోసం ఎదురుచూస్తూ కనబడింది. తారాబాయి అన్నీ మింగేసింది.

"రాయుండ్రి" అంది.

ఆయన రాశాడు. ఆమె కలం తీసుకుని, మొగుడు మందు దొరక్క చచ్చిపోయింది తన సొంత కారణాల వల్లనే అని ఒప్పుకుంటూ, కొట్టివేతలు లేకుండా సంతకం చేసింది.