నా చెవిన పడ్డ నలభై తార్లు

నా చిన్నప్పుడు మా ఇంట్లో అనుమానం లేని పూట ఉండేది కాదు. దానికంతటికీ మూలం మా బాపమ్మ, అంటే మా నాన్నమ్మ, బాపును కన్న తల్లి. పాలల్ల నీళ్లు కలిపిండని పాలవాణ్ని, తక్కెడ కింద ఏదో అతికించిండని కూరగాయల బండివాణ్ని, ఎవరినీ వదిలేది కాదు. నేను బడికి పోయే ముందు కడుపునొప్పి అంటే, పొట్ట మీద చెయ్యి పెట్టి చూసి ఇది లెక్కల పరీక్ష నొప్పి అని తేల్చేసేది. ఆ బుద్ధే నాకూ వచ్చిందని మా అమ్మ తల కొట్టుకునేది. నిజమే, వచ్చింది.

మేము తెలంగాణ నుంచి బతుకుదెరువుకు సూరత్ వచ్చిన నేతవాళ్లం. సలాబత్‌పురా అవతల వరుస గదుల్లో ఒకటి మాది, పక్కది ఖాలా వాళ్లది. మధ్యలో ఒంటి ఇటుక గోడ. వాడలో పిల్లలందరం ఆమెను ఖాలా, అంటే పిన్ని, అనే పిలిచేవాళ్లం. ఆమె భర్త, నాకు చాచా, మా బాపు పనిచేసే కార్ఖానాలోనే పనిచేసేవాడు. ఇద్దరికీ అవే కరెంటు మగ్గాలు. పగలు మా బాపు నడిపితే రాత్రి చాచా నడిపేవాడు. ఒకరు దిగితే ఒకరు ఎక్కడం, ఏళ్ల తరబడి అలాగే సాగింది.

ఆ ఏడు రంజాన్ నెల మొదలైన కొద్ది రోజులకు, బాపు పొద్దున పోయేసరికి పడుగులో పోగులు తెగి ఉండటం మొదలైంది. ఆ పోగును మేం తార్ అనేవాళ్లం. కార్ఖానా మాట ఇంటి మాట అయిపోయింది. ఒకటి తెగితే ముడేసుకోవచ్చు. ఒక్కచోటే పదులకొద్దీ తెగితే బట్ట పొడుగునా గీత పడుతుంది, ఇక ఆ తాను పనికిరాదు. రెండుసార్లు ఓర్చుకున్న కార్ఖానా యజమాని శేఠ్, మూడోసారి ఇద్దరిలో ఎవరి తప్పో తేల్చి వాణ్ని పని నుంచి తీసేస్తానన్నాడు. ఆ మాట విన్నప్పటి నుంచి మా బాపుకు అన్నం సయించలేదు.

సరిగ్గా ఆ రోజుల్లోనే ఖాలా ఇంటి పరదా దిగి ఉండేది. నా ఈడు బిడ్డ ఆమెకు ఒకతి, రోజూ సాయంత్రం నాతో ఆడేది, అది కూడా రావడం మానేసింది. బడి నుంచి వస్తుంటే ఆ పరదా వెనక గుసగుసలు, కత్తెర చప్పుడు. నేను ఊరుకుంటానా? గోడకు ఆనుకుని నిలబడి చెవి ఒగ్గాను. నేను చదివేది తెలుగు బడి. నాకు వచ్చిన హిందీ అంతా వీధిలో ఏరుకున్నది. అయినా ఖాలా గొంతు స్పష్టంగానే వినిపించింది. "చాలీస్ తారే కట్ గయే. బాకీ కల్ కాటేంగే."

నలభై తెగినయి, మిగతావి రేపు కోద్దాం. తారే అంటే తార్లే, ఇంకేముంటుంది? తప్పు మా బాపు మీద పడాలని రాత్రి చాచా మగ్గం మీద నలభై కోసి వచ్చాడు, రేపటికి ఇంట్లో కత్తెర సిద్ధం చేసుకుంటున్నారు అని అక్కడికక్కడే కథ అల్లేసుకున్నాను.

సాయంత్రం బాపు వచ్చి కాళ్లు కడుక్కోక ముందే చెవిన వేశాను. బాపు అగ్గిమీద గుగ్గిలమయ్యాడు. చాచా అప్పటికే డ్యూటీకి పోయాడు గానీ, ఉంటే ఆ వాకిట్లోనే కొట్లాట అయ్యేది. "ఇన్నేండ్లు పక్కపక్కన ఉండి నా తార్లు కోస్తడా ఆడు?" అని గదంతా అదిరేలా అరిచాడు. రేపే శేఠ్‌కు చెప్తానన్నాడు. అమ్మ గోడవైపు చూపించి, మెల్లగా, మెల్లగా అని బతిమాలుకుంది. నాకా, సిగ్గు విడిచి చెప్తున్నాను, ఆ పూట భలే గొప్పగా అనిపించింది. బాపు కొలువు నేనే నిలబెట్టాననుకున్నాను.

అప్పటిదాకా మూలన కూర్చుని వక్క నములుతున్న బాపమ్మ నన్ను దగ్గరికి పిలిచింది. చూసినవా, విన్నవా అని అడిగింది. విన్నానన్నాను. ఏ భాషలో అంది. హిందీలో అన్నాను. "నీకెంత హిందీ అత్తదే?" అని నా మొహంలోకి చూసింది. లోకంలో అందరినీ అనుమానించే మా బాపమ్మ ఆ సాయంత్రం నా చెవులను అనుమానించింది. బాపు వైపు తిరిగి, "ఒక్క దినం ఆగు కొడుకా. ఆని బువ్వ తీసే మాట ఇది. పోరి ఇన్నదని ఎట్ల చెప్తవ్?" అంది. బాపు గొణుక్కుంటూనే ఆగాడు.

మర్నాడు బడి కాగానే బాపమ్మ నన్ను వెంటబెట్టుకుని బయల్దేరింది. కత్తెర అరువు అడుగుదాం, పోగులు కోసినదైతే రెక్కల సందున నూగు చిక్కుకుని ఉంటుంది, అది చూస్తే చాలు అని దారిలో ఉపాయం చెప్పింది. దారి అంటే నాలుగడుగులే. ఆ రోజు ఖాలా ఇంటి పరదా మేకుకు ఎత్తి కట్టి ఉంది. లోపల ఒక పక్కన చాచా కళ్ల మీద తువ్వాలు కప్పుకుని నిద్రపోతున్నాడు. రాత్రంతా పని, పగలు ఉపవాసం, ఆ మనిషి లేవకూడదని తల్లీబిడ్డలు గుసగుసగా మాట్లాడుకుంటున్నారు. నేల నిండా వెండి నక్షత్రాలు.

చాపత్తా అంటే టీపొడి, ఆ పొట్లాల లోపలి మెరుపు కాగితం దాచిపెట్టి కోసినవి అవి. నూలు చుట్టి వచ్చే ఖాళీ అట్టగొట్టాలకు కిటికీల్లా కంతలు పెట్టి, రంగు కాగితం అతికించి కందీళ్లు చేశారు. ఆ శుక్రవారం బిడ్డ మొదటి రోజా, అంటే మొదటి ఉపవాసం అట, గదంతా అలంకరించాలని ఇద్దరి తాపత్రయం. బాపమ్మ కత్తెర అడగబోయింది. అంతలో ఖాలా జిగురు వేళ్లతో ఒక నక్షత్రాన్ని ఎత్తి నా ముందు పట్టుకుని, పంతులమ్మలాగా నెమ్మదిగా చెప్పింది. "యే తారా. ఏక్ తారా, దో తారే."

నేను గోడ దగ్గర విన్న నలభై తారే ఇవేనని అప్పుడు తెలిసింది. ఖాలా ఏమీ ఎరగనట్టు కత్తెర నా చేతికిచ్చి, నువ్వూ కొయ్యమంది. నా మొదటి నక్షత్రం వంకరటింకరగా వచ్చింది. బాపమ్మ అక్కడే కూలబడి, కోసినవాటిని ఒక్కొక్కటే దారానికి నేతముడులతో కట్టింది. పొద్దు వాలేదాకా లేవలేదు.

ఆ సాయంత్రం బాపమ్మ బాపుకు ఏం చెప్పిందో నేను వినలేదు, వినే ధైర్యం లేదు. తెల్లారి బాపు తొందరగా వెళ్లి, శేఠ్ గదికి పోకుండా నేరుగా చాచా దగ్గరికి పోయాడు. ఇద్దరూ కలిసి మగ్గంలో పోగులు దూరే ఇనుప దువ్వెనను వేళ్లతో తడిమారు. ఒక పన్ను వంగి, దాని అంచు కత్తిలా తేలి ఉంది. తార్లు కోస్తున్నది అదే. అది మార్చాక పోగులు తెగలేదు, పని నుంచి ఎవరూ పోలేదు. శుక్రవారం కార్ఖానాకు సెలవు, ఆ సాయంత్రం ఉపవాసం విడిచే ఇఫ్తార్‌కు మమ్మల్ని పిలిచారు. ఆ వెండి నక్షత్రాల కింద చాచా పక్కన కూర్చున్న మా బాపు, ఖర్జూరం తింటున్నంతసేపూ తల ఎత్తలేదు.

చాలా ఏళ్లకు నా పెళ్లి పత్రిక ఇవ్వడానికి ఖాలా దగ్గరికి పోయాను. అప్పుడైనా చెప్పుకుని బరువు దించుకుందామని మొదలుపెట్టాను. ఆమె నన్ను సగంలోనే ఆపింది. ఆ సాయంత్రం బాపు అరిచిన అరుపు గోడకు ఇవతల అంతా వినబడిందట. "పదేళ్లు మీ గోడ పక్కన ఉన్నా. తార్లు కోస్తడు అంటే తెలియదా నాకు?" అంది, ఆ ఒక్క మాట తెలుగులో. ఆ రోజు చాలాసేపు ఏడ్చిందట. చాచాకు చెప్తే మగవాళ్లు కార్ఖానాలో కొట్టుకుంటారని చెప్పలేదట. పిల్లకు మాట తెలియక వచ్చిన గొడవ ఇది, పిల్లకు ఆ మాట నేర్పితే పోతుంది అనుకుని, మధ్యాహ్నం నుంచే పరదా ఎత్తికట్టి మా కోసం ఎదురుచూసిందట. మేము రాకపోతే తానే పిలిచేదట. నాకు తల కొట్టేసినట్టయింది. గొడవ తీర్చిన ఉపాయం మా బాపమ్మదని ఇన్నేళ్లూ మురిసిపోయాను.

ఇప్పుడు సూరత్‌లోనే, ఆల్థాన్‌లో మా కొడుకు దగ్గర ఉంటున్నాను. ఫోన్‌లో పొద్దున లేస్తే ఫలానావాళ్లు ఇలాంటివాళ్లు, అలాంటివాళ్లు అని ఏవేవో వస్తుంటాయి. వాటిని చదివి నాకు అనుమానం రాదని చెప్పను, నా రక్తమే అలాంటిది. వచ్చినప్పుడల్లా ముందు నా చెవుల మీదే ఆ అనుమానం పెట్టుకుంటాను, ఆ మటుకు బాపమ్మ నుంచి అబ్బింది. ఖాలా చేసినది మాత్రం ఇంకా నేర్చుకుంటూనే ఉన్నాను. మొన్న మా కింది ఇంటామె, ఆరేసిన తన బట్టల మీద నేను కావాలనే మురికినీళ్లు పోస్తున్నానని నలుగురిలో అంది. నాకు ఒళ్లు మండిపోయింది, వెళ్లి కడిగేద్దామనుకున్నాను. వెళ్లలేదు. మా పైపు ఎక్కడ కారుతోందో వచ్చి చూడమ్మా అని కబురు పెట్టాను. మూడు రోజులైంది, ఆమె ఇంకా రాలేదు. నేను తలుపు తీసే ఉంచుతున్నాను.