తాత పేరు తెలియని వరుడు

ఈ ఉదయం చిట్గుప్ప పశువైద్యశాల ఆవరణలో రెండు దేవణి జాతి కోడెలు, వాటి యజమానులు, ఒక ఫినాయిల్ బకెట్, నేను ఉన్నాం. తడిగడ్డి మీద ఫినాయిల్ వాసన తగలగానే డేవిడయ్య డాక్టరుగారు గుర్తొచ్చారు. పశువైద్య డిప్లొమా అయ్యాక నేను మొదట చేరింది ఆయన దగ్గరే. అప్పటికి వైద్యశాల బోర్డు మీద ఇంకా కర్ణాటక అని కాదు, మైసూరు రాష్ట్రం అనే ఉండేది.

ఊరి ఆవులకు విత్తనపు కోడెను ఎంపిక చేసే రోజున ఆయన ముందుగా మూపురం, కొమ్ములు చూసేవారు కాదు. దాని తల్లి ఎవరింటిది, ఆ తల్లి తల్లి ఎన్ని పాలిచ్చేది అని అడిగేవారు. యజమాని చెప్పలేకపోతే కోడె ఎంత అందంగా ఉన్నా వెనక్కే. మన్నాఏఖేళ్ళి రైతు జకరయ్య సంతలో కొన్న కోడెను అలాగే తిప్పి పంపారు. ఆ ప్రశ్నలు విన్నప్పుడల్లా నేను తలదించుకునేవాణ్ని. మిషన్ హాస్టల్లో పెరిగిన అనాథను నేను. నాకు నా తల్లి పేరు కూడా తెలియదు.

మరుసటి ఏడాది ఆ జకరయ్య కూతురు రూతమ్మనే చేసుకోవాలనుకున్నాను. నా తరఫు పెద్దమనిషిగా మాట్లాడటానికి డాక్టరుగారే వచ్చారు. చాయ్ తాగాక జకరయ్య తాపీగా అడిగాడు.

"నా కోడెకు తల్లి తెల్వదని వాపస్ పంపిన్రు. ఇయ్యాల తాత పేరు తెల్వని పిలగాణ్ని ఎంటబెట్టుకొని వచ్చిన్రు. ఇదేం ఇన్సాఫ్ సార్?"

లోపలి గదిలో ఎవరో నవ్వు ఆపుకున్నారు. డాక్టరుగారు మాత్రం అడగాల్సిన మాటే అడిగావని ఒప్పుకున్నారు.

"కోడెను దేనికి తెచ్చుకుంటం జకరయ్యా? దాని అమ్మమ్మ పాలు దూడలల్ల కనబడాలని. దానికి ఇంకో పని లేదు, గందుకే అడిగిన. నీ బిడ్డ బతకాల్సింది వీని తాతతోని కాదు, వీనితోని. తాత సంగతి నాకు తెల్వదు. వీని సంగతి అడుగు, చెప్తా."

జకరయ్య చాలాసేపు అడిగాడు. తాగుతాడా, అబద్ధమాడతాడా, జీతం ఏం చేస్తాడు. డాక్టరుగారు అన్నీ చెప్పారు, నాకు కోపం తొందరగా వస్తుందన్న సంగతితో సహా. చివరికి జకరయ్య కూతుర్ని పిలిచి, నువ్వేమైనా అడుగుతావా అన్నాడు.

"నేను అడిగేది ఎప్పుడో అడిగిన నాయినా" అంది రూతమ్మ.

డాక్టరుగారు ఇప్పుడు లేరు. కోడెలు వస్తే తల్లి గురించి, తల్లి తల్లి గురించి నేనూ అడుగుతాను. అది మా పని. వాటిని తోలుకొచ్చిన మనిషిని మాత్రం ఎవరింటివాడివని అడగను. పోయిన నెల మాకు పాప పుట్టింది. మా వంశంలో ఇప్పటికి ముగ్గురం.