తగ్గించమంటే పెంచిన ట్రాన్స్‌ఫార్మరు

ఆ రోజుల్లో మాకు కరువులు రెండు: నీళ్లకొకటి, కరెంటుకొకటి. ఉరవకొండ పక్కన మా ఊళ్లో బోరు మోటార్లు ఆన్ చేస్తే చాలు, ఇళ్లలో బల్బులు గుడ్డి దీపాలయ్యేవి. టీవీలు బాగుచేసే ఉస్తాద్ దగ్గర పని నేర్చుకుంటున్న నాకు అదే అన్నం పెట్టింది. పాత ఆంప్లిఫయర్‌లోంచి ట్రాన్స్‌ఫార్మరు ఊడదీసి, దాని చిన్న తీగచుట్టను మెయిన్ లైనుతో కలిపి కడితే, ఆ కాస్త ఓల్టేజీ వచ్చి తోడయ్యేది. అలా రెండేళ్లు ఊరంతా పెంచుతూనే ఉన్నాను. (ఓల్టేజీని. నా తెలివిని కాదని ముందు ముందు మీకే తెలుస్తుంది.)

ఒక ఎండాకాలం బోర్లన్నీ ఎండిపోయి మోటార్లు ఆగిపోయాయి. వాడుకునే దిక్కులేక ఓల్టేజీ నెత్తికెక్కింది. పక్కవీధి టైలరక్క ఇంట్లో రోజుకో బల్బు పోతోంది, కుట్టుమిషను మోటారు చెయ్యి పెట్టలేనంతగా కాలుతోంది. బడి తెరిచేలోగా పిల్లల యూనిఫారాలు కుట్టివ్వాలి. ఆ మోటారు పోతే ఆమె ఇల్లు గడవదు. "ఏమప్పా, పెంచేదేనా, తగ్గించేది రాదా నీకు?" అని అంగడికొచ్చి అడిగింది. ఉస్తాద్ నన్ను పంపుతూ, "అదే ట్రాన్స్‌ఫార్మరురా. చిన్న చుట్ట తీగలు రెండూ తిరగేసి కట్టు, తగ్గుతాది. మీటరు పెట్టి చూసినాకనే మిషను తగిలించు" అన్నాడు.

రెండేళ్ల అనుభవజ్ఞుడికి మీటరెందుకు? చకచకా కట్టేశాను. కట్టింది నేను కాదు, నా చేతులు. వాటికి పెంచడం తప్ప మరొకటి తెలియదు. అక్క పెడలు మీద కాలు ఆనించగానే బల్బు ఢామ్మని పేలింది, మిషను పూనకం వచ్చినట్టు ఊగి, నిక్కరు కాళ్లు రెండింటినీ కలిపి కుట్టేసింది. ప్లగ్గు పీకింది అక్కే. నేనప్పటికే వాకిట్లో ఉన్నాను. (గాలి కోసం.) మోటారు నుంచి మాడు వాసన వచ్చేసరికి నిజంగానే ఏడుపొచ్చింది.

ఉస్తాద్ వచ్చి, మోటారు చల్లారేదాకా ఆగి, రెండు తీగలూ తిరగేసి, మీటరు నా కళ్లముందు పెట్టి చూపించాడు. మిషను మెల్లగా తిరిగింది! "ఈ నిక్కరు తొడిగేకి ఒంటికాలి పిల్లోణ్ణి యాడ తెచ్చేదప్పా?" అంది అక్క, కళ్లు తుడుచుకుని నవ్వుతూ. పొద్దుగూకేదాకా ఆ కుట్లు విప్పే పని నాకే పడింది.

వానలు పడ్డాక ఒకరోజు అక్క మళ్లీ వచ్చింది. "మిషను నీరసంగా తిరుగుతాండాది, బల్బు గుడ్డిగా ఉండాది" అంది విసుగ్గా. ఉస్తాద్, నేనూ మొహాలు చూసుకున్నాం. బోర్లలో నీళ్లొచ్చాయి, మోటార్లు తిరుగుతున్నాయి! తీగలు మళ్లీ తిరగేయడానికి పరుగెత్తాను, మీటరు చంకన పెట్టుకుని.

ఇప్పుడు నాకూ ఒక అంగడి ఉంది. లో ఓల్టేజీ అని తిట్టుకుంటూ ఎవరైనా వస్తే నవ్వాగదు. పిచ్చోడనుకుంటారేమో గానీ, బల్బు గుడ్డిగా వెలిగితే నాకు ఇప్పటికీ సంతోషమే.