చెలమలో అత్త

చిన్న ఈరన్న అత్తను అడగకుండా ఏ పనీ చేయడు. అత్త పోయి రెండేళ్లయింది.

ఊరికీ కాలనీకీ నడుమ వంక. వానొస్తే పారుతుంది, తక్కిన ఏడాదంతా ఇసుకే. ఆ ఇసుకలో అత్త సిద్దమ్మ తోడిన చెలమ ఒకటుంది. రెండు వైపులవాళ్లూ తాగేది ఆ గుంట నీళ్లే. సిద్దమ్మ ఇప్పుడు అందులోనే కాపురముందని ఈరన్న మాట.

చెలమ దగ్గరికి రాగానే చెప్పులు విడిచి కూర్చుంటాడు.

“అత్తా, సంతకు పోతాండా. ఎర్ర మేకను అమ్మాల్నా, వద్దా?”

ఇసుక కిందనుంచి టక్, టక్. సిద్దమ్మ ఆకూ వక్కా దంచిన చప్పుడే.

“వద్దంటాంది,” అని మేకను ఇంటికి తోలుకొస్తాడు.

విన్నవాళ్లకు ఎండలోనూ ఒళ్లు జలదరించేది. అతని భార్య సోమక్కకు మాత్రం ఒళ్లు మండేది.

“మాయమ్మ చీమనైనా అదిలించలేదు. దయ్యాన్ని చేస్తివి గదయ్యా!”

“మెల్లగా మాట్లాడే. ఇంటాది.”

ఒక మిట్టమధ్యాహ్నం సోమక్క బిందెతో దిగేసరికి వంకలో ట్రాక్టరు నిలబడి ఉంది. ఇసుక ఎత్తితే చెలమ ఎండిపోతుందని ఊరంతా మొత్తుకున్నా ట్రాక్టరు వీరేష్ వినలేదు. కూలీలు పారలు పట్టుకున్నారు.

ఈరన్న చెలమ గట్టున కూర్చున్నాడు. “ఈడ తవ్వొద్దప్పా. మా అత్త పండుకోనుండాది.”

“లేపు మామా, నేను మాట్లాడతా.”

టక్.

పారలు ఆగాయి. గాలి లేదు. తుమ్మచెట్టు మీద కాకి నోరు మూసుకుంది.

టక్, టక్.

“ఏమంటాంది?” వీరేష్ గొంతు తగ్గింది.

“నీ పేరడుగుతాంది. చెప్పాల్నా?”

ట్రాక్టరు తిప్పుకోవడానికి కూడా వీరేష్ ఆగలేదు. వెనక్కి నడుపుకుంటూనే గట్టెక్కించాడు. కూలీలు అంతకు ముందే ఎక్కేశారు.

సోమక్క దగ్గరికొచ్చి మొగుడి కాలు చూసింది. బొటనవేలికి దారం. దారం పొదలోకి పోయింది. పొదలో సగం పాతిన కుండ, కుండలో వేలాడుతూ అమ్మ ఆకు దంచిన బండ.

“దీనికా చెప్పులిడిచేది? మాయమ్మే దొరికిందా నీకు?”

“నా మాట యెవరింటారే? అత్త మాటైతే రెండు పక్కలా ఇంటారు. పోయేముందర చెలమ చూసుకోమన్యాది.”

వేలు దారానికి కోసుకుపోయి ఉంది. సోమక్క పక్కనే కూర్చుంది. దారం విప్పి, బండను బయటికి తీసి ఒళ్లో పెట్టుకుంది. “మెత్తటి దారం తెస్తాలే.”

టక్, టక్.

ఈరన్న తన వేలు చూసుకున్నాడు. సోమక్క ఒళ్లో బండను చూశాడు. చెప్పులు అక్కడే వదిలి ఊరివైపు పరుగెత్తాడు.

“ఓయ్, మీ అత్తే గదయ్యా!”

అతను తిరిగి చూడలేదు.

సోమక్క బిందె ముంచుతూ, “పోనీలేమ్మా, పాపం అల్లుడు,” అంది.