చింతపండుతో తోమిన కూత

మొన్న మా కారఖానా టౌన్‌షిప్‌లో సెక్టర్ 7 నుంచి ఆటోలో వస్తుంటే, పార్కులో ఉన్న పాత ఆవిరి ఇంజనుకు రంగులు వేస్తున్నారు. దాని ఇత్తడి కూతకు, అదే కూత పెట్టే గొట్టానికి కూడా పసుపు పెయింటు పూసేస్తున్న కుర్రాణ్ణి చూసి ప్రాణం ఉసూరుమంది. దిగి వెళ్లి, ఇత్తడికి రంగేమిటని అడిగితే, “మాతాజీ, యే పీతల్ హై క్యా?” అని తెల్లబోయాడు. పీతలే నాయనా, దాన్ని తోమిన చేతులివే.

నేను కొత్తగా కాపురానికి వచ్చిన ఆ అరవైల్లో, కారఖానా కట్టడానికి ఇనుమూ సిమెంటూ మోసిన ఆ ఇంజను, డీజిల్ ఇంజన్లు రాగానే యార్డులో ఓ మూలకు చేరింది. తుక్కు కింద కోసేస్తారని తెలిసి, దాన్ని నడిపిన మా బావగారికి అన్నం సహించలేదు. ఆయన ఎన్నాళ్లో తిరగ్గా తిరగ్గా పెద్ద సాబు ఒక మాట ఇచ్చారు: ఫలానా రోజు రెండు గంటల సైరను మోగేలోగా సొంత ఆవిరితో షెడ్డు నుంచి గేటు దాకా నడిస్తే పార్కులో పెట్టిస్తాను, లేకపోతే కోతే అని.

ఇక చూడాలి మావారి హడావిడి. ఆయనా, మరో నలుగురు ఫిట్టర్లూ సెలవు రోజులన్నీ ఆ బాయిలరు కిందే గడిపారు. మేం ఆడవాళ్లం చింతపండూ ఉప్పూ పట్టుకెళ్లి, పుట్టింటి బిందెలు తోమినట్టు దాని ఇత్తడంతా తోమాం. పక్కింటి అక్క ఆదివారం చర్చి అవగానే అటునుంచటే వచ్చేసేది. కూత మాత్రం నేనెవరికీ ఇవ్వలేదు, నేనే తోముకున్నాను.

ఆ రోజు ఇంజను కదిలి, పట్టాల పక్కన నిలబడ్డ మా దగ్గరికి రాగానే బావగారు తల బయటపెట్టి నా వైపు చూసి, “మీరు తోమిన కూత, ముందు మీరే ఇనాల” అని తాడు లాగి పట్టుకున్నారు. మా రైలోళ్లకి అదో పిచ్చి, ఇంటివాళ్లు కనబడితే కూత పెట్టకుండా పోలేరు. మేం మురిసిపోయి చేతులూపాం, ఆయన ఇంకా లాగారు. పాత బాయిలరు, ఉన్న ఆవిరి కాస్తా కూతలో పోయి, గేటు కనిపిస్తుండగా ఇంజను ఆగిపోయింది.

సాబు గడియారం చూసుకున్నారు. బావగారు కిందికి దిగలేదు. “సాబ్, తోడా దమ్ లేనే దో”, దాన్ని కాస్త ఊపిరి పీల్చుకోనివ్వండి అని మాత్రం అని, తానే పార పుచ్చుకుని బొగ్గు వేశారు. తప్పు నాదే అనిపించింది, ఆ కూత విని మురిసినదాన్ని నేనే కదా. సైరను మోగడానికి ఇంకా రెండు నిమిషాలున్నాయనగా చక్రాలు కదిలాయి. ఈసారి ఆయన తాడు వైపు చూడనైనా చూడలేదు. ఇంజను చప్పుడు చేయకుండా గేటు దాటింది.

పార్కుకు చేరాక మళ్లీ దాని బాయిలరులో నిప్పు రాజేసినవాళ్లు లేరు. బావగారూ లేరు, మావారూ లేరు. ఇప్పటి పిల్లలు దాని ముందు నిలబడి ఫోటోలు దిగుతారు, దిగనీ, ఉంది కనుకే కదా. ఆ కుర్రాడు పాపం గుడ్డతో పెయింటు తుడిచి, రేపు చింతపండు తెమ్మన్నాడు. తీసుకెళ్లాను. అది పెట్టిన చివరి కూత నా కోసమే మరి.