తట్టకూడని నేల

అది 2004. బెంగళూరులో కె.ఆర్.పురం స్టేషను దాటాక ఓల్డ్ మద్రాస్ రోడ్డు మీద మా రిపేరు షాపు. మా నాయన కాలంలో అది పంపుసెట్ల షాపు. చుట్టుపక్కల తోటలు పోయి అపార్ట్‌మెంట్లు లేచాక పంపుసెట్లు తగ్గాయి, గడ్డి కోసే మెషిన్లు పెరిగాయి. నాయన తర్వాత షాపు నా చేతికి వచ్చింది. కొత్తగా వచ్చిన ప్రతి మనిషీ నన్ను దాటి వెనక్కి తొంగి చూసి “మెకానిక్ లేడా?” అని అడిగేవాడు. “ఉండాడు, చీర కట్టుకోనుండాడు” అనేదాన్ని. రెండోసారి ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు.

స్ట్రింగ్ ట్రిమ్మర్ చూడనివాళ్ళకు రెండు మాటలు చెప్పాలి. పొడుగాటి రాడ్డు, పై చివర చిన్న ఇంజిను, కింది చివర గుండ్రటి హెడ్డు. ఆ హెడ్డులో బ్లేడు ఉండదు, నైలాన్ వైరు ఉంటుంది. అది గిర్రున తిరిగి గడ్డిని కోస్తుంది, రాళ్ళకు తగిలి అరుగుతుంది, పొట్టిదవుతుంది. అప్పుడు లోపల స్పూలుకు చుట్టి ఉన్న వైరు కొంచెం బయటికి రావాలి. దీన్నే లైన్ ఫీడ్ అంటారు. ఎక్కువ మెషిన్లలో ఉండేది బంప్ ఫీడ్ హెడ్డు. ఇంజిను తిరుగుతుండగానే హెడ్డు అడుగున బొడిపెలా ఉండే బంప్ నాబ్‌ను నేలకు ఒకసారి తట్టాలి. తట్టగానే స్పూలు క్షణం పాటు వదులై వైరును వదులుతుంది. అంతే సంగతి. ఈ మెషిన్లలో నా దగ్గరికి వచ్చే కంప్లయింట్లలో ఎక్కువ భాగం మాత్రం “వైరు రాలేదు” అనేదే.

కారణాలు నాకు కంఠతా వచ్చు. వైరు చుట్లు ఒకదాని మీదికి ఒకటి ఎక్కి ఉండొచ్చు. బాణం గుర్తుకు ఎదురుగా చుట్టి ఉండొచ్చు. ఎండకు ఎండిన వైరు పెళుసై తెగి ఉండొచ్చు. వేడికి చుట్లు ఒకదానికొకటి అతుక్కుని ఉండొచ్చు. స్ప్రింగు పోయి ఉండొచ్చు. హెడ్డు విప్పిన నిమిషంలో జబ్బు చెప్పేస్తానని నాకు పేరు. ఆ పేరు నాకు ఇష్టమే, దాచుకోవడం ఎందుకు.

ఆ సంవత్సరం వానాకాలంలో దేవదానం వచ్చాడు. మా షాపుకు దగ్గరలోనే ఒక తెలుగు చర్చి వాళ్ళ సమాధుల తోట ఉంది, దానికి కాపలాదారు. అరవై దాటిన మనిషి, సన్నటి నెమ్మది గొంతు. చర్చి కమిటీ వాళ్ళు కొడవలి మాన్పించి మా దగ్గరే కొత్త ట్రిమ్మర్ కొని ఇచ్చారు. కొన్నరోజు షాపు ముందర నేనే నేర్పించాను. బుద్ధిగా నేర్చుకున్నాడు, సిమెంటు మీద చక్కగా తట్టి చూపించాడు. అలాంటిది కొద్ది రోజులకే మెషిన్‌ను గోనెసంచిలో చుట్టి భుజాన వేసుకుని వచ్చాడు.

“వైరు రాలేదమ్మా.”

విప్పి చూస్తే చుట్లన్నీ అడ్డదిడ్డంగా పడి ఉన్నాయి. మళ్ళీ చుట్టి ఇచ్చాను. ఇంకొన్నాళ్ళకు మళ్ళీ వచ్చాడు. ఈసారి స్ప్రింగే లేదు, గడ్డిలో ఎక్కడో పడిపోయిందట. కొత్త స్ప్రింగు వేసి, వైరును ఒక రాత్రి నీళ్ళలో నానబెట్టి, మెత్తబడ్డాక చుట్టి ఇచ్చాను. నైలాన్‌కు కూడా దాహం ఉంటుందని చెబితే నవ్వాడు.

“ఏం మామా, హెడ్డు ఊరికే ఊరికే విప్పుతాండావా?” అని అడిగాను.

“రాకపోతే ఇప్పాల్సి వస్తాది కదమ్మా” అన్నాడు, చూపు తిప్పుకుని.

మూడోసారి ఒక్కడే రాలేదు. వెనకాల కమిటీ సెక్రటరీ ప్రభుదాస్ గారు స్కూటరు మీద వచ్చారు. బ్యాంకులో చేసి రిటైరైన మనిషి, గుంటూరు వైపు నుంచి వచ్చి బెంగళూరులో స్థిరపడ్డారు. మెషిన్‌ను కౌంటరు మీద పెట్టించి సూటిగా విషయానికి వచ్చేశారు.

“మూడోసారండీ ఇది. మెషిన్ పాడా, మనిషి పాడా, మీరే తేల్చండి. కమిటీలో అందరికీ డౌటే. ఈయనకి కొడవలే ఇష్టం, అందుకే కావాలని పాడుచేస్తున్నాడని. నవంబర్ రెండున సమాధుల పండగ. జనమంతా వస్తారు. అప్పటికి క్లీన్ కాకపోతే కాంట్రాక్టర్‌కి ఇచ్చేస్తాం, గేటు దగ్గర రూమ్ కూడా ఖాళీ చేయిస్తాం. ఆల్రెడీ చెప్పేశాం.”

దేవదానం తలుపు పక్కన నిలబడి తన చెప్పులకేసి చూసుకుంటున్నాడు. ఆ గది తప్ప ఆయనకు వేరే ఇల్లు లేదని అందరికీ తెలుసు.

నేను హెడ్డు విప్పాను. స్ప్రింగు నేను వేసిందే. వైరు కొత్తది, మెత్తగానే ఉంది. చుట్లు మాత్రం మళ్ళీ వదులై కలిసిపోయాయి. విసుగొచ్చి హెడ్డును బోర్లా తిప్పాను. అప్పుడు కనిపించింది అసలు సంగతి. బంప్ నాబ్ మీద ఒక్క గీత లేదు. వాడిన మెషిన్‌లో ముందు అరిగేది అదే, నెల తిరిగేసరికి గరుకుగా సొట్టలు పడిపోతుంది. ఇది పెట్టెలోంచి తీసినట్టు నిగనిగలాడుతోంది. అంటే ఈ మనిషి సమాధుల తోటలో ఒక్కసారి కూడా దీన్ని నేలకు తట్టలేదు.

ఆ మాట అక్కడే అంటే దేవదానం పని అయిపోయినట్టే. “చెప్పలేదా నేను!” అని సెక్రటరీ గారు అటునుంచి అటే వెళ్ళి కాంట్రాక్టరును పిలుస్తారు. తట్టడం వచ్చిన మనిషి ఎందుకు తట్టడం లేదో నాకు ముందు తెలియాలి. హెడ్డు మూసేసి, “సార్, ఇది షాపులో తేలేది కాదు. రేపు పొద్దున నేనే ఆడికి వచ్చి చూస్తాను” అన్నాను.

“మీరే వస్తారా?”

“జ్వరమొచ్చినోళ్ళని చూసేదానికి డాక్టరు ఇంటికి రాడా సార్? అట్లనే.”

మర్నాడు పొద్దున్నే వెళ్ళాను. వానలకు గడ్డి మోకాలి దాకా పెరిగి ఉంది. దేవదానం మెషిన్ స్టార్ట్ చేసి పని మొదలుపెట్టాడు. నేను చాలామంది చేతుల్లో ఈ మెషిన్ చూశాను, ఇంత పొందికగా ఆడించిన చెయ్యి అరుదు. రాతి అంచు దాకా గడ్డి పోతోంది, రాయికి గీత పడటం లేదు. కాసేపటికి వైరు పొట్టిదైంది. ఆయన ఇంజిను ఆపాడు. మెషిన్‌ను పక్కకు మోసుకొచ్చి గోనెసంచి మీద పడుకోబెట్టి, హెడ్డు విప్పి, వైరును వేళ్ళతో లాగి, మళ్ళీ మూశాడు. లాగినప్పుడల్లా లోపలి చుట్లు వదులవుతున్నాయి, ఒకదాని మీద ఒకటి పడుతున్నాయి. మూడు నెలల జబ్బు మూడు నిమిషాల్లో నా కళ్ళ ముందే తయారైంది.

“తట్టొచ్చు కదా మామా, ఎందుకింత పాటు?” అని మెషిన్ నేను అందుకున్నాను. స్టార్ట్ చేసి, రెండు సమాధుల మధ్య గడ్డి మీదికి హెడ్డు వంచాను.

“తట్టద్దు!”

అంత నెమ్మది మనిషి ఇంజిను చప్పుడుకు మించి అరిచాడు. అరవడమే కాదు, రాడ్డు పట్టుకుని పైకెత్తేశాడు. నాకు ఒళ్ళు మండింది. తిరిగే వైరున్న మెషిన్ మీద చెయ్యి వేయకూడదని మొదటి రోజే నేర్పించాను. ఇంజిను ఆపి గట్టిగా అడిగేద్దామని తిరిగాను. ఆయన కళ్ళు చూసి ఆగిపోయాను.

“ఆ రాయి మింద ఏం రాసిండాదో సదువమ్మా” అన్నాడు.

చదివాను. ఒక పేరు, కింద తారీఖు, దాని పక్కన ‘ప్రభువునందు నిద్రించెను’. పక్క రాయి మీదా అదే మాట. ఆ వరసంతా అదే.

“అందురూ నిద్రపోతాండారు. నిద్రపోయేటోళ్ళ నెత్తిన తట్టుకుంటా తిరిగేదెట్లమ్మా? లోకం ముగిసేనాడు కడబూర మోగినప్పుడు లేస్తారు వీళ్ళు. దేవదానం మెషిన్‌కి లేవాల్నా?”

నాకు నవ్వు రాబోయింది. “ఇంజిను ఇంత గలాటా చేస్తాంటే లేవనోళ్ళు, ఒక్కసారి తడితే లేస్తారా మామా?”

“సప్పుడు వేరే, తట్టేది వేరేమ్మా” అని ఆయన చివరి వరస వైపు నడిచాడు. నేనూ వెనకే వెళ్ళాను. అక్కడ రాయి లేదు, సిమెంటు దిమ్మె మీద చేత్తో రాసిన పేరు ఉంది. ఎలీశమ్మ. ఆయన భార్య.

ఆమె ఒక ఆసుపత్రిలో రాత్రి డ్యూటీ ఆయాగా పనిచేసిందట. అప్పుడు వాళ్ళ ఇల్లు రైలు పట్టాల పక్కన. “పక్కనే రైలు పోతాంటే ఇల్లంతా అదిరేది. దానికి మెలకువ వచ్చేది కాదు. తలుపు మింద వేలు పడితే సాలు, ‘వస్తాండా, వస్తాండా’ అని లేసి కూసునేది. వార్డులో ఎవురో పిలిసినారనుకునేది పాపం. పగలంతా నేను గడపలో కూసోని కాపలా కాసేవాణ్ణి. పాలోడినీ తట్టనీలే, గ్యాసోడినీ తట్టనీలే. సచ్చిపోయేదాకా అదే పనమ్మా నాది. ఇప్పుడు నా చేత్తోనే తట్టమంటావా?”

ఏడుపు వచ్చింది, ఏడిచాను. అది కూడా దాచుకోవడం ఎందుకు.

“ఈ మాట కమిటీలో చెప్పద్దమ్మా” అన్నాడు కాసేపటికి. “వయసైపోయింది, మతి తప్పిందంటారు. పనీ పోతాది, ఆయమ్మకి దూరమూ అయిపోతాను.”

ఇక్కడికి కష్టమైన భాగం అయిపోయింది, తర్వాతిది నాకు చేతనైన పని. ట్రిమ్మర్లకు ఫిక్స్‌డ్ లైన్ హెడ్ అని ఇంకొక రకం ఉంటుంది. అందులో స్పూలు లేదు, స్ప్రింగు లేదు, తట్టడమూ లేదు. జానెడు వైరు ముక్కలు కత్తిరించి రంధ్రాల్లో దూర్చుకోవడమే. పొట్టిదైతే ఇంజిను ఆపి, పాత ముక్క లాగేసి కొత్తది దూర్చాలి. ముక్కలు మార్చడం విసుగని చాలామంది దాన్ని వద్దంటారు, అందుకే షాపులో ఒకటి అటక మీద పడి ఉంది. మధ్యాహ్నానికి తెచ్చి బిగించాను. దేవదానం ఒక ముక్క దూర్చాడు, తీశాడు, మళ్ళీ దూర్చాడు.

“సూదిలో దారం ఎక్కించినట్టే ఉండాదే” అన్నాడు. ఆయన పళ్ళు కనబడేలా నవ్వడం నేను మొదటిసారి చూశాను.

సాయంత్రం ప్రభుదాస్ గారు వచ్చేసరికి సగం తోట శుభ్రమైంది. ఆయన చుట్టూ చూసి, “ఏంటండీ ప్రాబ్లమ్? ఈయనేనా పాడుచేసింది?” అని అడిగారు.

అబద్ధం చెప్పే అలవాటు నాకు లేదు, రిపేరు విషయంలో అసలే లేదు. దేవదానం చెప్పొద్దన్న మాట చెప్పే ఉద్దేశమూ లేదు.

“లేదు సార్. పాత హెడ్డు నేలకి తట్టి వాడేది. ఇది తట్టే నేల కాదు. అందుకే హెడ్డు మార్చినాను.”

“తట్టే నేల కాదంటే? రాళ్ళుంటాయనా?”

“మీరే చూడండి సార్” అని ఊరుకున్నాను.

ఆయన దగ్గరలో ఉన్న రాయికేసి చూశారు. దాని మీది మాట మెల్లగా, పైకే చదివారు. తర్వాత దేవదానం వైపు చూశారు. ఆయన ఎప్పటిలాగే తన చెప్పులకేసి చూసుకుంటున్నాడు.

“మా అమ్మ కూడా ఇక్కడే ఉందండీ, ఆ మూల” అన్నారు సెక్రటరీ గారు. “కరెక్టే. తట్టకూడదు.” దేవదానం దగ్గరికి వెళ్ళి భుజం మీద చెయ్యి వేసి, “పండగలోపు అయిపోతుందా దేవదానం గారూ?” అన్నారు. ఆ ‘గారు’ ఆ రోజు ఎక్కడి నుంచి వచ్చిందో కానీ, మళ్ళీ పోలేదు. కాంట్రాక్టరు మాట కూడా మళ్ళీ రాలేదు.

పండగనాడు నేనూ వెళ్ళాను. గడ్డి నున్నగా కోసి ఉంది, సమాధుల మీద బంతిపూలు, కొవ్వొత్తులు, చుట్టూ పిల్లలతో సహా జనం. దేవదానం ఇస్త్రీ చొక్కా వేసుకుని గేటు దగ్గర నిలబడి అందరినీ పలకరిస్తున్నాడు. పని బాగా చేశానని నాకు చాలా గర్వంగా అనిపించింది.

ఆ తర్వాత వైరు రాలేదని ఎవరు వచ్చినా హెడ్డు విప్పే ముందు బోర్లా తిప్పి నాబ్ చూస్తాను. అది అరగకపోతే స్క్రూడ్రైవరు పక్కన పెట్టి కుర్చీ వేస్తాను. “కూసో అప్పా. ఏ నేల మింద కోస్తాండావు, చెప్పు” అంటాను. వాడే చోటు తెలియకుండా మెషిన్‌కు మందు వేయకూడదని నాకు ఆ సమాధుల తోటలోనే తెలిసింది.

ఇంకొకటి కూడా అక్కడే అబ్బింది. పండగ అయిన కొద్ది రోజులకు వైరు చుట్ట ఇవ్వడానికి ఒక మధ్యాహ్నం దేవదానం గదికి వెళ్ళాను. తలుపు వేసి ఉంది. ఆయన దూరంగా చెట్ల దగ్గర పనిలో ఉన్నట్టు మెషిన్ చప్పుడు వినిపిస్తూనే ఉంది, లోపల ఎవరూ లేరని నాకు తెలుసు. అయినా అలవాటు కొద్దీ తలుపు మీదికి చెయ్యి ఎత్తాను. ఎత్తిన చెయ్యి దించేసి, వైరు చుట్టను చప్పుడు కాకుండా గడప మీద పెట్టి వచ్చేశాను.